కొత్త చేపల తొట్టి పెట్టేవారికి తుఫాను నెలల ముందు జాగ్రత్తలు

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లలో దసరాకు చేపల తొట్టి కొనదలచినవారు ఒక లెక్క చూసుకోవాలి. కొత్త తొట్టిలోని నీరు చేపలకు తగినట్టు కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన తీరానికి తుఫానులు వచ్చేదీ ఆ రోజుల్లోనే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాను ముంచింది.

చేపలు మొప్పల ద్వారా విడిచే అమ్మోనియా, మిగిలిన మేత కుళ్లినప్పుడు పుట్టే అమ్మోనియా నీటిలో చేరుతూనే ఉంటాయి. దానిని ఒక రకం బాక్టీరియా నైట్రైటుగానూ, ఆ నైట్రైటును మరొక రకం నైట్రేటుగానూ మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే కాగా, నైట్రేటు హాని చాలా తక్కువ. ఈ బాక్టీరియా ఎక్కువగా స్థిరపడేది ఫిల్టర్ స్పాంజిలో కనుక, కొత్త స్పాంజి అంటే దాదాపు ఖాళీ స్పాంజి అనుకోవాలి. నీరు అద్దంలా తేటగా ఉందని చూసి మోసపోవద్దు, ఎందుకంటే అమ్మోనియాకు రంగు లేదు, చేపలకు కీడు చేసే మోతాదులో వాసన కూడా తెలియదు.

కాబట్టి చేపలు లేకుండానే ఫిల్టర్‌ను నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపి, నైట్రేటు కనిపించిన తరువాతనే రెండు మూడు చిన్న చేపలను వదలాలి. ఎవరి పాత తొట్టిలోనైనా చేపలు ఆరోగ్యంగా ఉంటే, అందులోని స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోవడం కంటే మంచి ఉపాయం లేదు. దుకాణదారు తొట్టితోపాటు చేపలనూ అదే రోజు చేతిలో పెడతానంటే ఒప్పుకోకండి.

బోరు నీరు వాడేవారు పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) కూడా చూడాలి. 25 డిగ్రీల వేడిమిలో, పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషపు రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు గాని, పీహెచ్ 8కి చేరితే ఐదు పాళ్లు దాటుతుంది. కిట్‌లో అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూపితే నాలుగో వంతు నీరు మార్చి మేత తగ్గించండి. కుళాయి నీటిని ఒక పగలూ రాత్రీ వెడల్పు పాత్రలో ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది, తొందర ఉంటే హైపో (క్లోరిన్‌ను పోగొట్టే సోడియం థయోసల్ఫేట్) వాడవచ్చు. స్పాంజిని మాత్రం తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి.

తుఫాను హెచ్చరిక వచ్చిన వెంటనే రెండు బకెట్ల నీరు పట్టి ఉంచి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును సిద్ధం చేసుకోండి. కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే, మూసిన ఫిల్టర్ డబ్బాలో ప్రాణవాయువు అందక బాక్టీరియా కొన్ని గంటల్లో చావడం మొదలవుతుంది. స్పాంజిని బయటికి తీసి తొట్టి నీటిలోనే, బుడగలు తగిలే చోట ఉంచాలి. మేత పూర్తిగా ఆపేయండి, ఎదిగిన ఆరోగ్యవంతమైన చేప కొన్ని రోజులు తిండి లేకుండా ఉండగలదు. కరెంటు వచ్చాక డబ్బాలో నిలిచిన నీటిని పారబోసి, ఆ తరువాతనే ఫిల్టర్ వేయాలి. ఆపై వారం రోజులు రోజూ కిట్‌తో పరీక్షించి, అన్ని రోజులూ అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపితేనే కొత్త చేపల మాట ఎత్తాలి.