పఫ్ కొట్టినా ఆయాసం ఎందుకు తగ్గలేదంటే

ఆస్తమాకు రెండేళ్లు నీలం ఇన్హేలర్‌తోనే నెట్టుకొచ్చాను. ఆయాసం వస్తే రెండు పఫ్‌లు, అంతే. రాత్రి దగ్గు మాత్రం వదల్లేదు. డాక్టరు ముందు పీల్చి చూపిస్తే సంగతి బయటపడింది: మందు చాలావరకు నాలుక మీదే పడుతోంది! ఇన్హేలర్‌కు స్పేసర్ (మందును పట్టి ఉంచే గొట్టం) తగిలించి, నెమ్మదిగా పీల్చి, 10 సెకన్లు ఊపిరి బిగబట్టడం నేర్పారు.

అసలు మార్పు మందులో. నీలం ఇన్హేలర్‌లో ఉండే సాల్బుటమాల్ ఊపిరి గొట్టాలను తెరుస్తుంది గానీ లోపలి వాపును తగ్గించదు. పెద్దవాళ్లు దాన్నొక్కదాన్నే వాడొద్దని ఆస్తమాపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ జినా (GINA) మార్గదర్శకాలు 2019 నుంచే చెబుతున్నాయి. నాకు వాపు తగ్గించే స్టెరాయిడ్ బుడెసొనైడ్, గొట్టాలు తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్ రెండు పూటలా రాశారు. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడ్డాను, మోతాదు మైక్రోగ్రాముల్లోనేనట. పీల్చాక నోరు పుక్కిలించాలి. కొన్నాళ్లు బద్ధకించాను, నోట్లో తెల్లపూత వచ్చింది. నెల తిరిగేసరికి రాత్రిళ్లు నిద్ర పడుతోంది.