కోడ్ ఎడిటర్‌లో అక్షరాల సైజు సరిచేసుకోవడం ఎలా?

విశాఖ ద్వారకానగర్‌లో కోడింగ్ నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చే పిల్లలకు మొదటి క్లాసులో ప్రోగ్రాం రాయించను. ముందు ఎడిటర్, అంటే కోడ్ టైప్ చేసే సాఫ్ట్‌వేర్ తెరిచి, అందులో అక్షరాలను ఎవరి కంటికి సరిపడేలా వాళ్లను పెట్టుకోమంటాను. కథో, వార్తో చదివేటప్పుడు ఒక అక్షరం మసగ్గా కనిపించినా మాట అర్థమైపోతుంది. కోడ్‌లో అలా కుదరదు. కోలన్‌కూ సెమీకోలన్‌కూ మధ్య ఉన్న తేడా ఒక చిన్న తోకే. కామా పెట్టాల్సిన చోట ఫుల్‌స్టాప్ పడితే ప్రోగ్రాం ఆగిపోతుంది. "మేడమ్, అంతా కరెక్టుగానే రాశాను, ఎర్రర్ ఎందుకొస్తోందో తెలియడం లేదు" అంటూ టెన్షన్ పడే పిల్లలను గమనిస్తే, చాలామంది స్క్రీన్ మీదికి వంగిపోయి ఉంటారు. వాళ్లకు లాజిక్ రాక కాదు, అక్షరం సరిగ్గా ఆనకే ఆ అవస్థ.

ఎంత సైజు సరిపోతుంది?

కుర్చీలో వీపు ఆనించి కూర్చోండి. చేయి చాపితే వేళ్ల కొసలు స్క్రీన్‌కు తగలాలి, దూరం దాదాపు అంత ఉంటే మంచిది. ఇప్పుడు ఎడిటర్‌లో కొత్త ఫైల్ తెరిచి ఒకే వరుసలో ఇవి టైప్ చేయండి: ఒకటి అంకె, ఇంగ్లిష్ చిన్న ఎల్, పెద్ద ఐ, సున్నా, పెద్ద ఓ, కోలన్, సెమీకోలన్, కామా, ఫుల్‌స్టాప్, మూడు రకాల బ్రాకెట్లు. తల ముందుకు వంచకుండా, కళ్లు చికిలించకుండా వీటిలో ప్రతిదాన్నీ విడిగా గుర్తుపట్టగలిగే వరకు సైజు పెంచుకుంటూ పోండి (ఎలా పెంచాలో కింద చెబుతాను). గుర్తుపట్టగలిగాక ఇంకొక్క అంకె పెంచమని నా సలహా. ఉదయం తేలిగ్గా కనిపించిన అక్షరం సాయంత్రానికి, కళ్లు అలిసిపోయాక, అంత తేలిగ్గా కనిపించదు.

పక్కవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫాంట్ సైజు నంబర్‌ను చూసి మీరూ అదే పెట్టుకోవద్దు. 15.6 అంగుళాల స్క్రీన్ల సంగతే చూద్దాం. రిజల్యూషన్ 1366×768 అయితే అంగుళానికి సుమారు 100 పిక్సెల్స్ (స్క్రీన్ మీది చుక్కలు) ఉంటాయి. అదే కొలత స్క్రీన్ 1920×1080 అయితే సుమారు 141 ఉంటాయి. విండోస్ స్కేల్ రెండింటిలోనూ 100 శాతమే ఉంటే, 14 పిక్సెల్స్ అక్షరానికి మొదటి స్క్రీన్‌లో దాదాపు మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తు దొరుకుతుంది, రెండోదాంట్లో రెండున్నరే. నంబర్ ఒకటే, కంటికి ఆనే తీరు వేరు.

అందుకే ఎడిటర్ జోలికి వెళ్లేముందు విండోస్ స్కేల్ ఒకసారి చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో స్కేల్ ఉంటుంది. దాని పక్కన 'రికమెండెడ్' అని ఉన్న శాతాన్ని ఎంచుకోండి. ఫైళ్ల పేర్లు, మెనూలు, బ్రౌజర్, అన్నీ చిన్నగా కనిపిస్తున్నాయంటే మార్చాల్సింది ఇక్కడే. కోడ్ ఒక్కటే చిన్నగా ఉంటే ఎడిటర్‌లోకి వెళ్దాం.

విఎస్ కోడ్‌లో

మా దగ్గర కాలేజీ పిల్లలూ, రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లూ ఎక్కువగా వాడేది విజువల్ స్టూడియో కోడ్, అంటే విఎస్ కోడ్. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. ఒకసారి ఇందులో పట్టు దొరికితే మిగతావి సులువే.

చాలామందికి తెలిసిన పద్ధతి కంట్రోల్ పట్టుకుని ప్లస్ గుర్తున్న కీ నొక్కడం. మైనస్ నొక్కితే తగ్గుతుంది. ఇది కోడ్‌తో పాటు మెనూ, ట్యాబులు, ఎడమవైపు ఫైళ్ల జాబితా, అన్నింటినీ పెంచేస్తుంది. నొక్కిన ప్రతిసారీ 20 శాతం పెరుగుతుంది. చిన్న ల్యాప్‌టాప్‌లో రెండు మూడుసార్లు నొక్కారంటే సగం స్క్రీన్ ఫైళ్ల జాబితాకే పోతుంది, కోడ్‌కు జాగా మిగలదు. మళ్లీ మామూలుగా చేయాలంటే కంట్రోల్‌తో కుడివైపు నంబర్ ప్యాడ్‌లోని సున్నా నొక్కాలి. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ అయితే వ్యూ మెనూలో అప్పియరెన్స్, అందులో రీసెట్ జూమ్.

కోడ్ అక్షరాలు మాత్రమే పెరగాలంటే ఇలా చేయండి:

1. కంట్రోల్ పట్టుకుని కామా నొక్కండి. సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. మ్యాక్ అయితే కంట్రోల్ బదులు కమాండ్.

2. పైన ఉన్న వెతుకు పెట్టెలో ఇంగ్లిష్‌లో 'ఫాంట్ సైజ్' అని టైప్ చేయండి.

3. 'ఎడిటర్: ఫాంట్ సైజ్' అన్నచోట నంబర్ మార్చండి. విండోస్‌లో మొదట 14 ఉంటుంది, మ్యాక్‌లో 12. ఒక్కో అంకె పెంచుతూ పక్కన కోడ్‌ను గమనించండి. సేవ్ చేయాల్సిన పని లేదు, మార్చగానే అమల్లోకి వస్తుంది.

4. అదే పేజీలో కిందికి వస్తే 'టెర్మినల్, ఇంటిగ్రేటెడ్: ఫాంట్ సైజ్' కనిపిస్తుంది. దాన్నీ మార్చండి.

నాలుగో మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. టెర్మినల్ అంటే ప్రోగ్రాం నడిపినప్పుడు ఫలితం కనిపించే కింది పెట్టె, ఎర్రర్ మెసేజ్ వచ్చేది అందులోనే కదా! కోడ్‌ను 18లో పెట్టుకుని ఎర్రర్‌ను 14లో చదవడం కంటికి పెద్ద శిక్ష. డీబగ్ కన్సోల్‌కు కూడా ఇలాగే విడిగా ఒక నంబర్ ఉంటుంది, అది వాడేవాళ్లు దాన్నీ సరిచేసుకోండి.

అప్పటికప్పుడు పెంచి తగ్గించుకోవాలనుకునేవాళ్లు సెట్టింగ్స్‌లో 'మౌస్ వీల్ జూమ్' అని వెతికి టిక్ పెట్టుకోవచ్చు. ఆ తర్వాత కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే కోడ్ ఒక్కటే పెరుగుతుంది, తగ్గుతుంది. సెట్టింగ్స్‌లో మీరు రాసిన నంబర్ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే నంబర్ 16 ఉన్నా అక్షరాలు ఎందుకింత పెద్దగా ఉన్నాయా అనిపిస్తే ఈ చక్రమే కారణం అయ్యుండొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి ఇంగ్లిష్‌లో 'ఎడిటర్ ఫాంట్' అని టైప్ చేస్తే రీసెట్ చేసే కమాండ్ దొరుకుతుంది.

సైజు పెంచాక పొడుగాటి లైన్లు కుడివైపు దాటిపోతాయి. ఆల్ట్, జడ్ కలిపి నొక్కితే లైన్ మడతపడి కిందికి వస్తుంది. కుడి అంచున కోడ్ మొత్తాన్ని బుల్లి బొమ్మలా చూపించే మినీమ్యాప్‌ను వ్యూ మెనూలోని అప్పియరెన్స్‌లో తీసేస్తే ఇంకొంచెం వెడల్పు కలిసొస్తుంది. నేర్చుకునే దశలో మినీమ్యాప్ అవసరం పెద్దగా ఉండదు.

ఇంకో మాట. సెట్టింగ్స్ పేజీలో యూజర్, వర్క్‌స్పేస్ అని రెండు ట్యాబులు ఉంటాయి. ఫాంట్ సైజును ఎప్పుడూ యూజర్‌లోనే మార్చండి. వర్క్‌స్పేస్‌లో మారిస్తే ఆ నంబర్ ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక ఫైల్‌గా కూర్చుంటుంది. టీమ్ కోడ్‌ను పంచుకునే గిట్‌లో అది కూడా వెళ్లిపోతే టీమ్‌లో అందరి స్క్రీన్ మీదా మీ సైజే కనిపిస్తుంది. మీరు యూజర్‌లో ఎంత మార్చినా కదలడం లేదంటే, ఎవరో వర్క్‌స్పేస్‌లో నంబర్ పెట్టారేమో చూడండి, దానిదే పైచేయి. ఆఫీసులో పెద్ద మానిటర్, ఇంట్లో చిన్న ల్యాప్‌టాప్ వాడుతూ సెట్టింగ్స్ సింక్ పెట్టుకున్నవాళ్లకు ఒకచోటి సైజు రెండోచోటికి వచ్చేస్తుంటుంది. ఫాంట్ సైజ్ పక్కన పళ్లచక్రం బొమ్మ నొక్కి 'సింక్ దిస్ సెట్టింగ్' అన్న టిక్ తీసేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

మిగతా ఎడిటర్లలో

పైథాన్‌తో వచ్చే ఐడిల్‌లో ఆప్షన్స్ మెనూ, కాన్ఫిగర్ ఐడిల్, ఫాంట్స్ ట్యాబ్. అక్కడ మొదట 10 ఉంటుంది, చాలామందికి అది చాలదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనూ, కోడ్ బ్లాక్స్‌లోనూ కంట్రోల్‌తో మౌస్ చక్రం తిప్పితే సరి. ఎక్లిప్స్‌లో కంట్రోల్‌తో ప్లస్, మైనస్ పనిచేస్తాయి. పూర్తి సెట్టింగ్ కావాలంటే విండో మెనూలో ప్రిఫరెన్సెస్, జనరల్, అప్పియరెన్స్, కలర్స్ అండ్ ఫాంట్స్. పైచార్మ్, ఇంటెలిజే, ఆండ్రాయిడ్ స్టూడియో మూడింటి పొందిక ఒకటే: సెట్టింగ్స్‌లో ఎడిటర్, అందులో ఫాంట్. మొదట 13 ఉంటుంది. విజువల్ స్టూడియోలో (ఇది విఎస్ కోడ్ కాదు, వేరే సాఫ్ట్‌వేర్) ఎడిటర్ కింద ఎడమ మూలన శాతం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే చాలు.

ల్యాబుల్లో ఇప్పటికీ డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) మీద టర్బో సి అనే పాత ఎడిటర్ వాడే చోట్లు ఉన్నాయి. అక్కడ ఫాంట్ సెట్టింగ్ కోసం వెతక్కండి. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఫుల్ స్క్రీన్ వస్తుంది, అక్షరాలు పెద్దవవుతాయి. మళ్లీ నొక్కితే కిటికీ సైజుకు వస్తుంది.

కోడ్‌లో తెలుగు ఉంటే

కామెంట్లు, అంటే కోడ్ మధ్యలో మన కోసం రాసుకునే వివరణలు, తెలుగులో రాసుకోమని నేను పిల్లలకు గట్టిగా చెబుతాను. అర్థమైనదాన్ని అర్థమైన భాషలో రాసుకుంటే నెల తర్వాత తెరిచినా తెలుస్తుంది. కానీ ఎడిటర్ మొదటి సెట్టింగులు ఇంగ్లిష్ అక్షరాలకు చేసినవి. మనకు కింద ఒత్తులు, పైన గుడులు, తలకట్లు ఉంటాయి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలు చిన్న సైజులో అలికేసినట్టు కనిపిస్తాయి, పై లైన్ ఒత్తు కింది లైన్ గుడికి తగులుతుంది.

దీనికి సైజు ఒక్కటే పెంచితే చాలదు, లైన్ల మధ్య ఎడం కూడా పెంచాలి. విఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో 'లైన్ హైట్' అని వెతకండి. అక్కడ సున్నా ఉంటే ఎడిటర్ తనకు తానే లెక్క వేసుకుంటుంది. దాన్ని 1.6 చేయండి, అంటే అక్షరం సైజుకు 1.6 రెట్లు. ఎనిమిది లోపు నంబర్ ఇస్తే రెట్లుగానూ, ఎనిమిది, అంతకు మించి ఇస్తే పిక్సెల్స్‌గానూ తీసుకుంటుంది. తర్వాత 'ఫాంట్ ఫ్యామిలీ' దగ్గర ఇప్పటికే ఉన్న పేర్ల చివర కామా పెట్టి, సింగిల్ కోట్స్‌లో నిర్మలా యుఐ అనో, ఇన్‌స్టాల్ చేసుకుని ఉంటే నోటో సాన్స్ తెలుగు అనో ఇంగ్లిష్ అక్షరాల్లో చేర్చండి. ఇంగ్లిష్ కోడ్ మొదటి ఫాంట్‌లోనే ఉంటుంది, తెలుగు మాత్రం మీరు చేర్చినదాంట్లో కనిపిస్తుంది.

ప్రొజెక్టర్ మీద చూపించేటప్పుడు

సెమినార్ హాల్లో వెనక బెంచీ పిల్లలకు అక్షరం కనబడకపోతే ఆ క్లాసు వాళ్లకు జరగనట్టే. మీకు హాయిగా ఉన్న 16 వాళ్లకు ఎందుకూ పనికిరాదు. 24 దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడిచి వెళ్లి మీరే చదివి చూడండి. ఆన్‌లైన్‌లో స్క్రీన్ షేర్ చేసేటప్పుడు అవతలివాళ్లు ఫోన్‌లో చూస్తుండొచ్చని గుర్తుపెట్టుకోండి. విఎస్ కోడ్‌లో ప్రొఫైల్స్ అన్న సౌకర్యం ఉంది. 'క్లాస్' అని ఒక ప్రొఫైల్ చేసుకుని, అందులో పెద్ద ఫాంట్, పెద్ద టెర్మినల్, తెల్లటి థీమ్ పెట్టుకుంటే మీ రోజువారీ సెట్టింగులు చెదరవు. ప్రొజెక్టర్ వెలుగులో నల్ల థీమ్ వెలిసిపోతుంది, అందుకే తెల్లది. పైచార్మ్ వాళ్లకు వ్యూ మెనూలో అప్పియరెన్స్ కింద ప్రెజెంటేషన్ మోడ్ సిద్ధంగా ఉంటుంది.

సైజు పెంచినా ఇబ్బంది పోకపోతే

ముందు ఫాంట్ మార్చి చూడండి. కొరియర్ న్యూ గీతలు మరీ సన్నం. కన్సోలాస్‌లో సున్నాకు అడ్డగీత ఉంటుంది కాబట్టి ఓ అక్షరంతో పొరపాటు పడం. జెట్‌బ్రెయిన్స్ మోనోలో చిన్న అక్షరాల ఎత్తు ఎక్కువ, అదే నంబర్‌లో ఇంకొంచెం పెద్దగా కనిపిస్తుంది. ఇది ఉచితం.

తర్వాత వెలుతురు. మన ఊళ్లో సముద్రం తూర్పున ఉంది. బీచ్ వైపు కిటికీ ఉన్న గదిలో ఉదయం పూట కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే నల్ల థీమ్ స్క్రీన్ అద్దమైపోతుంది, కోడ్‌కు బదులు మీ ముఖమే కనిపిస్తుంది. టేబుల్‌ను కిటికీకి పక్కవాటుగా తిప్పండి. అది కుదరకపోతే ఆ పూట తెల్లటి థీమ్‌కు మారండి.

ఇవన్నీ చేసినా ముందుకు వంగాల్సి వస్తోందంటే, తలనొప్పి వస్తోందంటే, కంటి పరీక్ష చేయించుకోండి. నలభై దాటినవాళ్లకు చత్వారం రావడం మామూలే, పిల్లలకైతే దూరంలో ఉన్నవి సరిగ్గా కనబడని సమస్య బయటపడొచ్చు. విశాఖలో పెదవాల్తేరులో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి ఉంది. వెళ్లేముందు కంటి నుంచి స్క్రీన్‌కు ఎంత దూరం ఉందో టేపుతో కొలిచి రాసుకెళ్లండి. చదువుకునే అద్దాలను మామూలుగా పుస్తకం పట్టుకునే దూరానికి, అంటే దాదాపు 40 సెంటీమీటర్లకు ఇస్తారు. స్క్రీన్ అంతకంటే దూరంగా ఉంటుందని డాక్టర్‌కు చెబితే దానికి తగ్గ పవర్ రాస్తారు.