కంప్యూటరుతో మోర్స్ పంపుతున్నప్పుడు కీయింగ్ (డాట్, డాష్‌ల లెక్కన సిగ్నలును వేసి ఆపడం) తప్పితే ఎలా సరిచేయాలి?

మోర్స్ పంపే ప్రోగ్రాము తెరిచీ తెరవగానే రిగ్ (రేడియో సెట్టు) ఆగకుండా క్యారియర్ (కీ నొక్కి ఉంచినట్లు వెలువడే ఎడతెగని సిగ్నలు) పంపుతుంటే, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హామ్ (అభిరుచి రేడియో) మిత్రులు ముందుగా ఆ ప్రోగ్రామును తిట్టి, దానిని తీసివేసి మళ్లీ వేసుకుంటారు. కంప్యూటరుకూ రిగ్‌కూ నడుమ ఉండే ఇంటర్‌ఫేసు పెట్టెలు నా దగ్గరకు వచ్చినప్పుడు వాటిని విప్పి చూస్తే మాత్రం దోషం దాదాపు ప్రతిసారీ అందులోని నాలుగు అతుకుల దగ్గరే కనిపించింది.

కావలసినవి కొద్దివే: యూఎస్‌బీ-సీరియల్ కేబులు, పీసీ817 ఆప్టోకప్లర్ (వెలుగు ద్వారా సిగ్నలు అందించి రెండు వైపులనూ విడిగా ఉంచే చిప్పు), 1 కిలో ఓమ్ రెసిస్టరు, 1ఎన్4148 డయోడు, కీ ప్లగ్గు, మల్టీమీటరు, 50 ఓమ్‌ల డమ్మీ లోడు (పరీక్షకు యాంటెన్నా బదులు పెట్టేది). బీసీ547 ట్రాన్సిస్టరుతోనూ పని జరుగుతుంది కాని, నేను దానిని వాడను, ఎవరినీ వాడనివ్వను. ఎర్తింగు సరిగా లేని ఇళ్లలో ల్యాప్‌టాప్ ఛార్జరులో ఉన్నప్పుడు దాని లోహపు భాగాన్ని తాకితే చేతికి జిల్లుమంటుంది. ట్రాన్సిస్టరు పెడితే ఆ లీకేజీ నేరుగా రిగ్ గ్రౌండులోకి చేరుతుంది, ఆప్టోకప్లర్ దానిని మధ్యలోనే ఆపుతుంది.

తొమ్మిది పిన్నుల సీరియల్ కనెక్టరులో 4వ పిన్ను డీటీఆర్ (ప్రోగ్రాము కీ నొక్కడానికి వాడే లైను), 5వది గ్రౌండు. డీటీఆర్ నుంచి రెసిస్టరు మీదుగా పీసీ817 1వ కాలికి, దాని 2వ కాలి నుంచి గ్రౌండుకు తీగ వేయండి. డయోడు గీత ఉన్న వైపును 1వ కాలికి, రెండో వైపును 2వ కాలికి అతికించండి. 4వ కాలు కీ ప్లగ్గు కొనకు, 3వ కాలు ప్లగ్గు మొదలుకు వెళ్లాలి. ఇది ఇప్పటి సాలిడ్ స్టేట్ రిగ్‌లకే పనికివస్తుంది, వాల్వు సెట్ల కీ వోల్టేజీని ఈ చిన్న చిప్పు తట్టుకోలేదు.

ప్లగ్గు విషయంలో ఒక మాట. ప్యాడిల్ (డాట్‌కు ఒకటి, డాష్‌కు ఒకటిగా పనిచేసే కీ) కోసం ఉన్న స్టీరియో జాకులో మోనో ప్లగ్గు పెడితే నడుమనున్న రింగు గ్రౌండుకు తగిలి, రిగ్ తనంతట తానే డాష్‌ల మీద డాష్‌లు కొడుతుంది. కాబట్టి స్టీరియో ప్లగ్గు పెట్టి రింగును ఖాళీగా వదలండి, రిగ్ మెనూలో స్ట్రెయిట్ కీ (ఒకే మీట ఉన్న మామూలు కీ) ఎంచుకోండి. కళింగపట్నం, భావనపాడు వంటి సముద్రతీరం వైపు ఉన్నవారు ప్లగ్గుకు పట్టిన చిలుమును కూడా గీకి చూసుకోవాలి.

ఇక అందరూ బోల్తా పడే చోటు. కీ ప్లగ్గును రిగ్‌లో పెట్టకుండానే, ప్రోగ్రాము మూసి ఉంచి, మీటరు నల్ల తీగను గ్రౌండుకు, ఎర్ర తీగను డీటీఆర్‌కు ఆనించండి. మైనస్ 5 నుంచి మైనస్ 12 వోల్టుల మధ్య చూపిస్తే అది అసలైన ఆర్‌ఎస్-232 (ప్లస్, మైనస్ వోల్టులు రెండింటితో నడిచే సీరియల్ పద్ధతి), పైన చెప్పిన అమరిక సరిపోతుంది. ప్లస్ 5 వోల్టుల దగ్గర చూపిస్తే మీరు కొన్నది టీటీఎల్ (సున్నాకూ ప్లస్ వోల్టులకూ మధ్యనే నడిచే) మాడ్యూలు. అందులో అంతా తలకిందులు: ఖాళీగా ఉన్నప్పుడు డీటీఆర్ పైన ఉంటుంది, కీ నొక్కినప్పుడు సున్నాకు దిగుతుంది. దానికి పై అమరికనే కలిపితే, పంపనంతసేపూ రిగ్ క్యారియర్ వేస్తూ, పంపవలసినప్పుడు నోరు మూసుకుంటుంది.

విజయనగరంలో ఒక మిత్రుని ఇంట సరిగ్గా ఇదే జరిగితే, ఆయన నాలుగు రోజులు ప్రోగ్రాములు మారుస్తూ గడిపారు. ఎర్ర తీగ ఆనించిన మరుక్షణం మీటరు 4.9 చూపించింది. టీటీఎల్ మాడ్యూలైతే దాని 5 వోల్టుల పిన్ను నుంచి రెసిస్టరు మీదుగా 1వ కాలికి, 2వ కాలిని డీటీఆర్‌కు కలపండి. మాడ్యూలుపై జంపరు ఉంటే 5 వోల్టుల వైపే ఉండాలి. 3.3 వైపు ఉంటే మిగిలిన 1.7 వోల్టులు ఆప్టోకప్లర్‌లోని ఎల్‌ఈడీని పూర్తిగా ఆరనివ్వవు.

సరిచేశాక కూడా తొందరపడకండి. మీటరును కంటిన్యుటీలో పెట్టి ఎర్ర తీగను ప్లగ్గు కొనకు, నల్ల తీగను మొదలుకు పట్టి, ప్రోగ్రామును తెరిచి మూయండి. పోర్టు తెరిచే క్షణంలో డీటీఆర్, ఆర్‌టీఎస్ (అలాంటిదే మరో లైను) రెండూ లేవడం లినక్స్‌లో మామూలే. పోర్టు తెరిచి ఊరుకున్నా సంధి మూసే ఉంటే (అంటే మీటరు మోగుతూనే ఉంటే), సెట్టింగులలో డీటీఆర్‌ను సీడబ్ల్యూకు (మోర్స్‌కు) మార్చి, ఆర్‌టీఎస్‌ను ఆపివేయండి. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కూడా ఈ లైన్లు ఎగిరిపడతాయి కనుక రిగ్‌ను ఎప్పుడూ ఆఖరున ఆన్ చేయాలి. ఆ తరువాతే డమ్మీ లోడు, అదీ అత్యల్ప పవరుతో.

అక్షరాలు కుంటుతుంటే లోపం సమయపాలనలో ఉంటుంది. నిమిషానికి 20 పదాల వేగంలో ఒక డాట్ నిడివి 60 మిల్లీసెకన్లు. విండోస్ గడియారం మామూలుగా 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి అడుగు వేస్తుంది, అంటే డాట్‌లో పావు వంతు. బ్రౌజరు మూసి, యూఎస్‌బీ హబ్బు తీసివేసి చూడండి. అప్పటికీ తీరకపోతే విన్‌కీయర్ వంటిది కొనుక్కోవడమే మార్గం, ఎందుకంటే అక్కడ కంప్యూటరు అక్షరాన్ని అందించి ఊరుకుంటుంది, డాట్‌లను చిప్పు కొలుస్తుంది. తీగలెందుకని సౌండు కార్డు నుంచి 700 హెర్ట్‌జ్ టోను ఎస్‌ఎస్‌బీలో (మాటలు పంపే మోడ్‌లో) తోసేవారున్నారు. ఆడియో కాస్త ఎక్కువైతే 1400 దగ్గర రెండో సిగ్నలు మొలుస్తుంది, పక్కవారి తిట్లు మొదలవుతాయి.

డమ్మీ లోడుపై శుభ్రంగా నడిచి, యాంటెన్నా కలిపి 100 వాట్లకు పెంచగానే కీ ఇరుక్కుంటే, ఆర్‌ఎఫ్ (యాంటెన్నా నుంచి వెలువడే రేడియో శక్తి) యూఎస్‌బీ కేబులులోకి చొరబడుతోందని అర్థం. కేబులును ఫెర్రైట్ రింగు చుట్టూ ఐదారు చుట్లు చుట్టి, మళ్లీ 10 వాట్లతో మొదలుపెట్టండి.