ఏడీఏ ఎంజైమ్ ఇంజెక్షన్ మొదలైన తొలి నెలల్లో జాగ్రత్తలు

బిడ్డకు ఏడీఏ (అడినోసిన్ డీఅమినేజ్) లోపం, అంటే ఆ ఎంజైమ్ లేక జబ్బులతో పోరాడే శక్తి దెబ్బతినే జబ్బు ఉందని తేలి, ఎంజైమ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారంటే ఇంట్లో అందరికీ గుండె కాస్త కుదుటపడుతుంది. మందు మొదలైంది కదా, ఇక చుట్టాలను రానివ్వొచ్చు, నలుగురిలోకి తీసుకెళ్లొచ్చు అనిపిస్తుంది. దయచేసి అప్పుడే వద్దు. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సినవి ఈ తొలి నెలలే.

ఎందుకో చూడండి. ఈ ఏడీఏ ఎంజైమ్ లేకపోతే శరీరంలో కొన్ని వ్యర్థాలు పేరుకుపోతాయి. అవి జబ్బులతో పోరాడే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలకు విషం. ఇంజెక్షన్ ఆ ఎంజైమ్‌ను బయటి నుంచి అందిస్తుంది. విషం కొద్ది వారాల్లో తగ్గుతుంది. కానీ చచ్చిపోయిన కణాల చోట కొత్తవి పుట్టి, జబ్బులతో పోరాడే స్థితికి రావాలంటే నెలలు పడుతుంది. అంతవరకూ బిడ్డకు రక్షణ మీరూ, మీ చేతుల శుభ్రతా, డాక్టరు రాసిన మిగతా మందులే. న్యుమోనియా రాకుండా ఇచ్చే యాంటీబయాటిక్, ఇమ్యూనోగ్లోబులిన్ (బయటి నుంచి ఇచ్చే యాంటీబాడీలు) లాంటివి మీ అంతట మీరు ఆపకండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా బిడ్డను ఎత్తుకోకూడదు. చెప్పడానికి మొహమాటంగానే ఉంటుంది. అయినా చెప్పాలి.

టీకాల విషయంలో అస్సలు తొందరపడొద్దు. బీసీజీ, పోలియో చుక్కలు, రోటావైరస్, ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, ఇవన్నీ బతికున్న క్రిములతో చేసినవి. ఈ బిడ్డకు వాటి వల్లే జబ్బు రావచ్చు. ఇమ్యూనాలజీ (రోగనిరోధక శక్తి) డాక్టరు సరే అనేదాకా వేయించకండి. ఇంట్లో మిగతా పిల్లలకు కూడా పోలియో చుక్కలకు బదులు పోలియో ఇంజెక్షన్ వేయించాలి. చుక్కల్లోని వైరస్ వాళ్ల మలం ద్వారా ఈ బిడ్డకు అంటుకోగలదు. ఎప్పుడైనా రక్తం ఎక్కించాల్సి వస్తే అది రేడియేషన్ ఇచ్చినదీ, సీఎంవీ (సైటోమెగాలోవైరస్) అనే వైరస్ లేనిదీ అయి ఉండాలి. హడావుడిలో ఎవరూ అడగకపోవచ్చు, మీరే గుర్తు చేయండి.

ఇక మందు సంగతి. ఈ ఎంజైమ్ ఇంజెక్షన్లలో 1990లో వచ్చిన పాత మందు పెగడమేస్‌ను ఆవు నుంచి తీసేవారు, దాని డోసు యూనిట్లలో ఉండేది. 2018లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త మందు ఎలాపెగడమేస్ డోసు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. అందుకే పాత కాగితాలు చూసి డోసు లెక్కకట్టకండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎలాపెగడమేస్ సాధారణంగా కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున వారానికి రెండుసార్లు, కనీసం 12 నుంచి 24 వారాలు ఇస్తారు. 1.5 మిల్లీలీటర్ల వయల్‌లో (మందు చిన్న సీసాలో) 2.4 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అంటే ఆరు కిలోల బిడ్డకు 1.2 మిల్లీగ్రాములు, సిరంజిలో 0.75 మిల్లీలీటర్లు. ఇది లెక్క అర్థం కావడానికే. మీ బిడ్డకు ఎంతన్నది డాక్టరు రాసిందే ఖాయం. బరువు పెరిగిన ప్రతిసారీ డోసు మార్చాలా అని అడగండి. వయల్‌లో మిగిలిన మందు ఎంత ఖరీదైనదైనా దాచి మళ్లీ వాడకూడదు.

వయల్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య, దాని డబ్బాలోనే ఉంచాలి. ఫ్రీజర్‌లోనూ, ఐస్‌కు ఆనించీ పెట్టొద్దు. ఒక్కసారి గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగా కనబడినా పనికిరాదు. వయల్‌ను ఊపకూడదు కూడా, ఎందుకంటే ఎంజైమ్ ఒక ప్రోటీన్, అది చెడిపోతుంది. రంగు మారినా, నలకలు కనిపించినా వాడకండి. మరే మందుతోనూ కలపకండి, నీళ్లు చేర్చి పలచన చేయకండి.

ఇది కండలోకి ఇచ్చే ఇంజెక్షన్, నరంలోకి కాదు. పసిపిల్లలకు ఎక్కువగా తొడ కండలో ఇస్తారు. ఇంట్లో ఇవ్వాల్సి వస్తే నర్సు ఎదుట మీ చేత్తో చేసి చూపించి, ఆమె సరే అన్నాకే మొదలుపెట్టండి. సూది తీశాక శుభ్రమైన దూదితో నొక్కి పట్టుకోండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే కండలో రక్తం కారే ప్రమాదం ఉంది, మరీ తక్కువైతే ఈ మందు ఇవ్వకూడదు. కాబట్టి ఒంటి మీద కొత్తగా కమిలిన మచ్చలు కనిపిస్తే ఇంజెక్షన్‌కు ముందే ఫోన్ చేయండి. ఒక డోసు తప్పిపోతే తరువాతి రోజు రెండింతలు ఇవ్వకండి, ఎలా సర్దాలో డాక్టరునే అడగండి.

రక్తపరీక్ష రోజు మాత్రం ఇంజెక్షన్ ఇవ్వకముందే నమూనా ఇవ్వాలి. డోసుకు డోసుకు మధ్య మందు బాగా తగ్గిన సమయంలో ఎంజైమ్ ఎంత మిగిలిందన్నదే ఆ పరీక్ష చూస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చేసి వెళ్తే అంకె బాగానే కనబడి అసలు లోపం దాగిపోతుంది. అన్నీ సరిగ్గా చేస్తున్నా ఆ అంకె పడిపోతూ ఉంటే, మందుకు వ్యతిరేకంగా శరీరం యాంటీబాడీలు తయారుచేస్తోందేమో చూస్తారు.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరం లేకపోయినా బిడ్డ పాలు తాగకుండా నీరసంగా పడి ఉన్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా అంతే. ఈ పిల్లల్లో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి జ్వరం లేకుండానే ముదురుతుంది. జబ్బు పేరు, మందు పేరు, డోసు, మీ డాక్టరు నంబరు ఒక కాగితం మీద రాసి సంచిలో ఎప్పుడూ ఉంచండి. అక్కడి డ్యూటీ డాక్టరు ఈ జబ్బును ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు, ముందు ఆ కాగితం చేతికివ్వండి.