నెల్లూరులో నేల మీద పడే ఎండను లెక్కగట్టే పద్ధతి

మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకోదలచినవారైనా, ఇస్కపల్లి ఉప్పు మడుల్లో నీరు ఎంత వేగంగా ఆవిరవుతుందో అంచనా వేయవలసినవారైనా, ముందుగా చదునైన ఒక చదరపు మీటరు నేల మీద రోజుకు ఎంత సౌరశక్తి పడుతుందో తెలుసుకోవాలి. ఇందుకు ఒక మీటరు కర్ర, సైన్, కోసైన్ మీటలున్న కాలిక్యులేటర్ చాలు. ఉదాహరణకు డిసెంబరు 21ని తీసుకుందాం.

వాతావరణానికి పైన, సూర్యునికి ఎదురుగా ఉన్న చదరపు మీటరు మీద ఏడాది సగటున 1361 వాట్లు పడతాయి. జనవరి మొదటి వారంలో భూమి సూర్యునికి అతి దగ్గరగా వస్తుంది కనుక, దానికి దగ్గరలోనే ఉన్న డిసెంబరు 21కి 1405 వాట్లు తీసుకోవాలి.

నెల్లూరు అక్షాంశం 14.45 డిగ్రీలు, ఆ రోజు సూర్యుని క్రాంతి (భూమధ్యరేఖ నుంచి సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో జరిగిన కోణం) దక్షిణంగా 23.45 డిగ్రీలు. రెండూ కలిపితే మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి 37.9 డిగ్రీలు వాలి ఉంటాడు. దీన్ని సరిచూసుకోవాలంటే కర్రను నిటారుగా నిలిపి, గడియారంలో 12 గంటల 8 నిమిషాలప్పుడు (మన మిట్టమధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకు రాదు) నీడను కొలవండి. అది 78 సెంటీమీటర్లకు అటూఇటూగా ఉండాలి.

రోజు మొత్తానికి పగటి అర్ధకోణం, అంటే సూర్యోదయం నుంచి మిట్టమధ్యాహ్నం వరకు భూమి తిరిగే కోణం, కావాలి. అక్షాంశ, క్రాంతుల టాంజెంట్ల లబ్ధానికి గుర్తు మారిస్తే వచ్చేది ఆ కోణపు కోసైన్. దక్షిణ క్రాంతిని రుణసంఖ్యగా వేస్తే కోణం 83.6 డిగ్రీలు, పగలు 11.1 గంటలు వస్తాయి. ఇప్పుడు అక్షాంశ, క్రాంతుల కోసైన్‌లను అర్ధకోణపు సైన్‌తో గుణించి, దానికి రేడియన్లలో రాసిన అర్ధకోణాన్ని ఆ రెండింటి సైన్‌లతో గుణించగా వచ్చినదాన్ని కలిపి, ఆ మొత్తాన్ని 1.405తోనూ, 24ను పై (π)తో భాగిస్తే వచ్చే 7.64తోనూ గుణించాలి. ఫలితం 7.9 కిలోవాట్ గంటలు, అంటే కరెంటు బిల్లు భాషలో 7.9 యూనిట్లు. ఇది గాలి, మబ్బు అడ్డులేని లెక్క.

నేలకు దిగేది ఎంతో చెప్పడానికి ఆంగ్‌స్ట్రామ్ సూత్రం ఉంది. ఎండ కాసిన గంటలను పగటి గంటలతో భాగించి, సగం చేసి, 0.25 కలిపితే వచ్చే భిన్నంతో పై సంఖ్యను గుణించాలి. స్థానికంగా కొలిచిన గుణకాలు లేనిచోట ఈ 0.25, 0.50లనే వాడతారు. తొమ్మిది గంటలు ఎండ కాస్తే 5.2 యూనిట్లు, ఈశాన్య రుతుపవనాల మబ్బు పట్టి నాలుగు గంటలే కాస్తే 3.4 యూనిట్లు వస్తాయి. అందుకే కోణాల్లో అర డిగ్రీ తప్పినా నేను పట్టించుకోను గాని, ఎండ గంటలను మాత్రం రోజూ రాసిపెట్టుకోమంటాను.

ఒంగోలుకైతే అక్షాంశాన్ని 15.5గా మార్చుకుంటే సరి. ఉప్పు మడుల లెక్కకు యూనిట్లను 3.6తో గుణించి (యూనిట్‌కు 3.6 మెగాజౌళ్లు) 2.45తో (లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే మెగాజౌళ్లు) భాగించాలి. 5.2 యూనిట్ల ఎండ అంతా ఆవిరికే పోతే చదరపు మీటరుకు ఏడున్నర లీటర్లకు పైగా నీరు ఇగురుతుంది. నీరు చిక్కబడేకొద్దీ ఆవిరి మందగిస్తుంది కనుక, మడిలో అసలు తగ్గుదల ఇంతకంటే తక్కువే ఉంటుంది.