సోలార్ కన్నా ముందు మీటరు చూడండి: బడిలో, ఆఫీసులో కరెంటు ఆదా

సర్కారు బడి అయినా మండల ఆఫీసు అయినా, కరెంటు ఆదా అనగానే అందరూ సోలార్ గురించే అడుగుతారు. అది తర్వాత. ముందు ఈ పని చేయండి: సాయంత్రం గేటుకు తాళం వేసేటప్పుడు మీటరు రీడింగ్ ఫొటో తీసుకోండి, పొద్దున తాళం తీశాక ఒక్క స్విచ్ కూడా వేయకముందే ఇంకో ఫొటో తీయండి. ఆ తేడా అంతా బిల్డింగులో ఎవరూ లేనప్పుడు కాలిన కరెంటే. బయట లైటు, ఒక ఫ్రిజ్ ఉంటే ఒకటి రెండు యూనిట్లు మామూలు. అదే పది దాటిందంటే ఎక్కడో ఏదో నడుస్తోందన్నమాట.

ఎక్కడో పట్టుకోవడం కష్టం కాదు. మీటరు మీద ఎర్ర లైటు మిణుకుతుంటుంది కదా, వాడకం ఎక్కువైతే అది తొందర తొందరగా కొడుతుంది. ఒకరు దాన్ని చూస్తుంటే ఇంకొకరు ఒక్కో గదికి కరెంటు ఆపే బోర్డు స్విచ్ (ఎంసీబీ) దించుతూ పోవాలి, ఏది దించినప్పుడు నెమ్మదిస్తుందో దొంగ అక్కడే ఉన్నట్టు. ఎక్కువసార్లు కంప్యూటర్ గది యూపీఎస్, వాటర్ కూలర్, పగలూ రాత్రీ వెలిగే వరండా లైట్లే దొరుకుతాయి. అన్నీ దించినా మిణుకుతూనే ఉంటే వైరింగులో లీకేజీ ఉండొచ్చు, మీరు చెయ్యి పెట్టకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

తర్వాత బోరు మోటారు. మోటారు వేసి మర్చిపోతే ట్యాంకు నిండి పొర్లుతూనే ఉంటుంది, ఒకటిన్నర హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు యూనిటున్నర తాగుతుంది, నీళ్లు పోయేది అదనం. ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి, పెద్ద ఖర్చేం కాదు. కారే నల్లాలు, టాయిలెట్ ఫ్లష్‌లు బాగుచేయడం కూడా కరెంటు ఆదానే, నీళ్లు తక్కువ పోతే మోటారు తక్కువ తిరుగుతుంది.

ఫ్యాన్ల లెక్క చూద్దాం. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టూ. పది గదుల్లో నలభై ఫ్యాన్లు రోజుకు ఆరు గంటలు, ఏడాదిలో 200 రోజులు తిరిగితే మిగిలేది 2,160 యూనిట్లు. అన్నీ ఒకేసారి మార్చాలని లేదు, కాలిపోయిన ఫ్యానుకు మళ్లీ వైండింగ్ చేయించకుండా ఆ డబ్బులకు ఇంకొంచెం కలిపి కొత్తది తీసుకోండి. ఈ కొత్తవి ఎక్కువగా రిమోట్‌తో వస్తాయి, అది పోతే గోడ స్విచ్‌తోనే స్పీడు మారే మోడల్ అడగండి, బడిలో రిమోట్లు నిలవవు. స్విచ్ బోర్డు మీద ఏది ఏ ఫ్యానుదో పెయింటుతో రాయించండి, లేకపోతే మూల కూర్చున్న ఇద్దరి కోసం నాలుగూ తిరుగుతాయి.

తెలంగాణలో 2024 నుంచి సర్కారు విద్యాసంస్థలకు కరెంటు ఉచితమే కదా, మాకెందుకీ బాధ అనేవాళ్లున్నారు. బిల్లు రాకపోయినా చెల్పూరు, రామగుండం కరెంటు కేంద్రాల్లో బొగ్గు కాలుతూనే ఉంటుంది. పాత వైర్ల మీద లోడు తగ్గితే వేడెక్కి కాలే భయమూ తగ్గుతుంది. పిల్లల బడి విషయంలో నాకు అదే ముఖ్యం.

వేడి సంగతి మాత్రం స్లాబు మీదే తేల్చాలి. ఓరుగల్లు ఎండలకు పై అంతస్తు గదిలో ఫ్యాను వేస్తే వేడిగాలే కిందికి దిగుతుంది. ఎండను తిప్పికొట్టే పూతలతో పైకప్పు చల్లగా ఉంచాలనే తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023లో వచ్చింది, అందులో సర్కారు భవనాలు కూడా ఉన్నాయి, కాబట్టి ఎస్టిమేట్ పెట్టేటప్పుడు దాన్ని చూపించి అడగండి. నిధులు రాకపోతే సున్నమైనా వేయొచ్చు. స్లాబు కడిగి, పగుళ్లు పూడ్చి, బాగా ఆరాక, సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు. ఒంటిపూట బడులు మొదలయ్యే మార్చి మధ్యలోపు అయిపోవాలి. వానలకు కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ వేసుకోవాల్సిందే.

ఆఫీసుల్లో ఏసీ 24 మీద పెట్టి ఫ్యాను కలపండి, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అంటారు. ఫిల్టరు కడగండి, తలుపు వేసి ఉంచండి. బిల్లు కట్టే ఆఫీసైతే కాంట్రాక్టెడ్ లోడ్ (కనెక్షన్ తీసుకున్నప్పుడు రాయించుకున్న కిలోవాట్లు) కూడా చూసుకోండి. వాడకం ఎప్పుడూ అంత పైకి పోకపోతే తగ్గించమని ఉత్తర తెలంగాణ కరెంటు పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫిక్స్‌డ్ చార్జీ ఆ లోడు మీదే పడుతుంది.

ఇవన్నీ అయ్యాక సోలార్. అప్పటికి ఐదు కిలోవాట్లు అనుకున్నచోట మూడు సరిపోవచ్చు. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి, నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటును గ్రిడ్‌కు పంపి బిల్లులో లెక్క కట్టే పద్ధతి) ఉంటే ఎండాకాలం సెలవుల్లో తయారైంది గ్రిడ్‌కు పోతుంది. ప్యానెళ్లు కడగడానికి నీళ్ల పైపు పైదాకా వేయించండి, కోతులు తిరిగే ఊరైతే వైర్లన్నీ గట్టి పైపుల్లోంచే తీయించండి.