నాన్న హెరాల్డ్‌కి మళ్లీ రంగు

మలక్‌పేటలో మా ఇంటి ముందున్న 1962 ట్రయంఫ్ హెరాల్డ్ కారు, టాపు మడిచే మోడల్, నాన్నది. ఎడమ తలుపు కిందున్న బాడీ అంచున రంగు పొక్కులు లేచింది. అయస్కాంతం పెట్టి చూస్తే రెండు చోట్ల అతుక్కోనే లేదు. గీకితే వేలి మందాన పుట్టీ, దాని వెనక జల్లెడలా రేకు. ఎవరో తుప్పు తీయకుండానే పుట్టీ పూసేశారు. ప్రాణం ఉసూరుమంది.

డెంటింగ్ మేస్త్రీతో తుప్పు పట్టినంత మేరా కోయించి, కొత్త ముక్క వెల్డింగ్ చేయించాను. అంచు కోసి అతికేటప్పుడు కొలత తప్పితే తలుపు సరిగ్గా మూసుకోదు. అందుకే ముందే తలుపులు మూసి, వాటి చుట్టూ సందులు కొలిచి రాసుకున్నాం. కింద జాకీలు పెట్టాకే కోత మొదలైంది. ఈ పనికి తొందర అస్సలు పనికిరాదు.

రేకు మీద తుప్పు పట్టకుండా ఎపాక్సీ ప్రైమర్ అనే తొలి పూత, ఆపైన పల్చగా పుట్టీ. పుట్టీ నీళ్లు పీలుస్తుంది కాబట్టి పొడిగానే రుద్దాం.

జులై ముసురులో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ కొట్టిస్తే తెల్లగా పాలిపోయింది. గాలిలో తేమ ఎక్కువైతే అంతే. చాలా టెన్షన్ పడ్డాను. ఎండ కాసేదాకా ఆగి, 600 నంబర్ వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) రుద్ది మళ్లీ కొట్టించాం. లేత నీలం, నాన్నకిష్టమైన రంగు, ఈసారి నిగనిగలాడుతూ వచ్చింది. తలుపు ఒక్క తోపుతో పడుతోంది.